అయిదో రోజు నుంచి గుడ్డులో ఏముంటుంది

బనగానపల్లె,
4-5-2003, ఆదివారం.

పూజ్యురాలైన అనసూయ అత్తకు,

మేనల్లుడు వాసుదేవ్, బి.కాం. (రెండో ప్రయత్నం, రెండో శ్రేణి) వంగి వంగి రాసుకునేది.

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క కోడి తప్ప.

కంగారు పడకు, కోడి మనది కాదు. మన ఇంటి సంగతి నీకు తెలియనిదా? గుడ్డు కావాలని ఎవరైనా మన అంగడికి వస్తే నాయన నోటితో జవాబు కూడా చెప్పడు, పక్క అంగడి వైపు వేలు చూపిస్తాడు. కోడి బసమ్మది. ఇరవై ఏళ్లుగా మన మామిడి గోడౌన్లో గడ్డి పరిచి కాయలు మాగబెడుతున్న బసమ్మే. గోడౌన్ వెనక వసారాలో ఒక విరిగిన గంపలో ఆ కోడి కాపురం. నాయన రోజూ దాని పక్కనుంచే పోతాడు కానీ ఇంతవరకూ దాన్ని చూడలేదు. చూస్తే ఒప్పుకున్నట్లు అవుతుందని.

నిన్న మధ్యాహ్నం నేను వసారాలోకి వెళ్లి, పండిన కాయ ఒకటి ఎవరికీ తెలియకుండా తిని, చేతులు తుడుచుకుని, వెనక తలుపు తెరిచే పెట్టి వచ్చేశాను. కుక్క వచ్చింది. కోడి లేచి పారిపోయి ఉంటే బతికేది అత్తా. పదకొండు గుడ్ల మీద కూర్చుని ఉంది. లేవలేదు.

బసమ్మ తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. నన్ను తిట్టడం ఆమెకు రోజువారీ పని. "ఏమప్పా చిన్నశెట్టీ, కాలేజీలో తలుపేసేది నేర్పీలేదా?" అని వారానికి నాలుగుసార్లు అడుగుతుంది. నిన్న మాత్రం గంప చూసి, "పోనీలే అయ్యా" అంది. అయ్యా! నన్ను! చెంపదెబ్బ కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

తర్వాత అమ్మ చెబితే తెలిసింది. బసమ్మ పెళ్లయి వచ్చేటప్పుడు పత్తికొండ నుంచి వాళ్లమ్మ ఒక పెట్టను పంపించిందట. దాని పిల్లల పిల్లల పిల్లే ఇది. "అమ్మ పోయినా అమ్మ కోడి ఉండాది" అనేదట. ఇప్పుడు ఆ వంశంలో మిగిలింది ఈ పదకొండు గుడ్లు. ఎండలకు ఊళ్లో పొదిగే కోడి ఇంకొకటి దొరకలేదు.

అందుకని నేను గంభీరంగా ముందుకు వచ్చి, "బసమ్మా, వీటిని నేను పొదుగుతాను" అన్నాను. ఆమె ఒక్క క్షణం పాత బసమ్మలాగా "నువ్వా?" అంది. మళ్లీ గుర్తొచ్చి, "అట్లే అయ్యా" అంది. అత్తా, ఈ లోకంలో నాకు వేరే కోరిక లేదు. ఆమె నన్ను మళ్లీ తిట్టాలి.

కొత్త తూకం మిషను వచ్చిన థర్మకోల్ పెట్టె సంపాదించాను. నలభై వాట్ల బల్బు పెట్టాను. గోడౌన్లో ఖాళీ గంపల వెనక దాచాను. నాయనకు తెలిస్తే గుడ్లనూ నన్నూ ఒకే గంపలో బయట పెడతాడు. ఫోన్ అంగట్లో ఆయన మోచేతి పక్కనే ఉంటుంది. బొజ్జన్న ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడితే నాకన్నా ముందు ఊరికి తెలుస్తుంది. కాబట్టి ఉత్తరాలే శరణ్యం. జవాబు శివన్న సైకిల్ షాపు చిరునామాకు రాయి.

మన వంశంలో గుడ్డును చేత్తో ముట్టిన ఏకైక వ్యక్తివి నువ్వు. నీకు కాలేజీలో జంతుశాస్త్రం ఉద్యోగం వచ్చినప్పుడు నాయన "గుడ్లు పగలగొట్టే చేత్తో నా ఇంట్లో చెంబు ముట్టొద్దు" అన్నాడనీ, అప్పటినుంచి పన్నెండేళ్లుగా మీ ఇద్దరికీ మాటల్లేవనీ నాకు తెలుసు. ఆ చేతి మీదే ఇప్పుడు నా ఆశంతా. కోడి అమావాస్య నాడు, అంటే ఒకటో తేదీన, కూర్చుందట. ఏం చేయాలో వెంటనే రాయి.

ఇట్లు,
కోడి పదవిలో తాత్కాలికంగా,
వాసు.


రాజంపేట,
6-5-2003.

ఒరేయ్ వాసూ,

ఆశీస్సులు ఇప్పుడే ఇవ్వను. తగినవాడివని తేలాక చూద్దాం.

ముందు నిజం చెప్పు, గుడ్లను కడిగావా? మన ఇంట్లో పుట్టినవాడివి, ఏది కనిపించినా పసుపునీళ్లు చల్లే బుద్ధి ఉంటుంది. కడగొద్దు. గుడ్డు పెంకుకు పైన కంటికి కనపడని పొర ఉంటుంది, అది పోతే మురికి లోపలికి పోతుంది. కడగాల్సింది నీ చేతులు, ముట్టుకున్న ప్రతిసారీ. మామిడిపండు తిని తుడుచుకున్న చేతులు అసలే వద్దు.

పెన్సిల్‌తో ప్రతి గుడ్డుకూ ఒకవైపు ఇంటూ గుర్తు, రెండోవైపు సున్న పెట్టు. పెన్ను వాడకు, సిరా లోపలికి దిగుతుంది. రోజుకు మూడుసార్లు తిప్పాలి. పొద్దున, మధ్యాహ్నం, పడుకునే ముందు. కోడి ముక్కుతో చేసే పని అదే. తిప్పకపోతే పిండం పెంకుకు అంటుకుపోతుంది. ఊపొద్దు, గిరగిరా తిప్పొద్దు, నీ హాస్యం అక్కడ వద్దు. పెట్టెలో చిన్న గిన్నెతో నీళ్లు ఉంచు. వేడి నూరు డిగ్రీలు ఉండాలి, నీ లెక్కలో కాదు, థర్మామీటరు లెక్కలో.

ఎనిమిదో రోజున చీకటి చేసుకుని, అట్టముక్కకు రూపాయి బిళ్లకన్నా చిన్న రంధ్రం చేసి, వెనక టార్చి పెట్టి, గుడ్డు వెడల్పు చివరను దానికి ఆనించి చూడు. సాలీడు కాళ్లు చాపినట్లు ఎర్రటి నరాలు కనిపిస్తే ప్రాణం ఉన్నట్లు. దీపంలాగా వెలిగిపోతూ ఏమీ లేకపోతే అది వట్టి గుడ్డు. ఎర్రటి వలయం ఒక్కటే కనిపిస్తే మొదలై ఆగిపోయిందని అర్థం. ఆ రెండు రకాలూ తీసేయి. ఒక్కో గుడ్డుకు పది లెక్కపెట్టేంత సేపే. సినిమా కాదు.

మీ నాయన ఆరోగ్యం ఎలా ఉంది? ఊరికే అడిగాను.

అత్త.


బనగానపల్లె,
9-5-2003, శుక్రవారం.

గురుదేవికి,

చేతులు కడుక్కునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కడగలేదు. అయితే అగరుబత్తి చూపించాను, అది తప్పులోకి రాదనుకుంటాను.

ఈరోజు పరీక్ష జరిగింది. గోడౌన్లో చీకటి చాలక గోనెసంచి కప్పుకుని లోపల టార్చి వెలిగించాను. బయట నలభై రెండు డిగ్రీలు, సంచిలో ఎంతో దేవుడికి తెలియాలి. మధ్యలో బసమ్మ గడ్డి కోసం వచ్చి, మూలన ఒక గోనెసంచి వెలుగుతూ ఉండడం చూసింది. పూర్వమైతే ఊరంతా పిలిచి చూపించేది. ఇప్పుడు, "ఉక్క పోస్తాదేమో చూసుకో అయ్యా" అని వెళ్లిపోయింది.

మొదటి గుడ్డు దీపంలాగా వెలిగింది. రెండోదీ అంతే. మూడోదానికి వెలుగు పెట్టేసరికి లోపల ఎర్రటి సాలీడు. అది ఊగింది అత్తా. మధ్యలో నల్లటి చుక్క ఒకటి కదిలింది. నాకు ఏ జోకూ తోచలేదు. ఈ తేదీని చరిత్రలో రాసి పెట్టుకో. పది లెక్కపెట్టమన్నావు, నాలుగు దగ్గర అంకె మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టాను.

లెక్క ఇది: వట్టివి రెండు, వలయం ఒకటి, సాలీళ్లు ఎనిమిది.

ఇక సమస్యలు. ఒకటి, గుడ్లకు జ్వరం. ఇంట్లో ఉన్న థర్మామీటరు పెట్టాను, నూటనాలుగు చూపింది. బల్బు ఎత్తులో కట్టాను, నూటనాలుగే. పెట్టెకు కన్నాలు చేశాను, నూటనాలుగే. అందుకని మొన్న బుధవారం నలభై వాట్ల బల్బు తీసి, దేవుడి గదిలోని జీరో బల్బు పెట్టాను. అయినా నూటనాలుగే. జ్వరం మాత్ర పొడి చేసి నీళ్ల గిన్నెలో కలపమంటావా?

రెండోది మరీ విచిత్రం. రాత్రి తొమ్మిదికి అన్ని గుడ్లనూ ఇంటూ పైకి వచ్చేట్లు పెట్టి పడుకుంటాను. పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లి చూస్తే అన్నీ సున్నలు! రెండు రోజులుగా ఇదే వరస. గుడ్లు వాటంతట అవి తిరుగుతాయా?

ఇంటి వార్తలు: పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా కరెంటు లేదు. కొళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వస్తున్నాయి. ఇట్లాంటప్పుడు నాయన పొద్దున రెండోసారి తలస్నానం మొదలుపెట్టాడు. అమ్మ అడిగితే "ఎండలు" అంటున్నాడు. పొద్దున ఏడు గంటలకు ఏం ఎండలని అమ్మ బిందెలు ఎత్తి పెడుతోంది.

పద్నాలుగో రోజున వెలుగు పెడితే ఏం కనిపిస్తుందో ముందే రాయి. సిద్ధంగా ఉంటాను.

జ్వరపీడితుల సంరక్షకుడు,
వాసు.


రాజంపేట,
11-5-2003.

ఒరేయ్ మొద్దూ,

నోట్లో పెట్టుకునే థర్మామీటరు పెట్టావా? అది ఒకసారి పైకి ఎక్కితే విదిలించేదాకా దిగదురా! మొదటిరోజు బల్బుకు దగ్గరగా పెట్టి ఉంటావు, నూటనాలుగుకు ఎక్కి అక్కడే కూర్చుంది. ఆ తర్వాత నువ్వు చదివిందంతా ఆ మొదటి నిమిషమే. దాన్ని నమ్మి జీరో బల్బు పెట్టిన మహానుభావుడికి డిగ్రీ ఇచ్చినవాళ్లను చూడాలని ఉంది. నలభై వాట్లది ఈ ఉత్తరం చదువుతూనే పెట్టు. మీ ఊళ్లో మే నెల పగలు బల్బు లేకపోయినా నడుస్తుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. చల్లబడితే పిండం నెమ్మదిస్తుంది. ఆగనూ వచ్చు.

గుడ్లు వాటంతట అవి తిరగవు. పన్నెండేళ్లుగా పిల్లలు నాకు రికార్డుల్లో చూడని వాటిని చూసినట్లు బొమ్మలు గీసి ఇస్తున్నారు, అబద్ధం నాకు దూరం నుంచే వాసన వస్తుంది. నువ్వు రాత్రి తిప్పకుండా పడుకుంటున్నావు. నిద్ర నీకు చిన్నప్పటి నుంచీ ఎక్కువ.

పద్నాలుగో రోజు సంగతి అడిగావు. నాకు తెలియదు.

పుస్తకంలో ఏం రాశారో తెలుసు, నల్లటి ముద్ద, పైన గాలి గది అని. చూడలేదు. మా ల్యాబులో ముప్పై మూడు గంటలకు ఒక గుడ్డు పగలగొడతాం, నలభై ఎనిమిదికి ఒకటి, డెబ్బై రెండుకు ఒకటి, తొంభై ఆరుకు ఒకటి. నాలుగో రోజుతో సిలబస్ అయిపోతుంది. పిండాన్ని తీసి గాజుపలక మీద పరిచి, రంగు వేసి, పిల్లలకు గుండె ఎక్కడుందో చూపిస్తాను. అది కొట్టుకుంటూనే ఉంటుంది కాసేపు. ఎన్ని వందలు చూశానో. అయిదో రోజు గుడ్డును నేను ఒక్కటి కూడా చూడలేదు. నీకు ఎనిమిదో రోజు గురించి చెప్పింది కూడా పుస్తకం చూసే. సాలీడు ఊగిందని రాశావే, ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను.

ఇప్పుడు నువ్వు చూసి నాకు రాయాలి. కాబట్టి నిజం రాయి.

అత్త.


బనగానపల్లె,
13-5-2003, మంగళవారం.

జంతుశాస్త్ర శాఖ వారి సముఖానికి,

అబద్ధాలకోరు వాసుదేవ్ సవినయంగా సమర్పించుకునే సంజాయిషీ.

నలభై వాట్ల బల్బు పెట్టాను. థర్మామీటరును విదిలించాను, తొంభై తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఇన్నాళ్లూ జ్వరం వచ్చింది థర్మామీటరుకే అని తేలింది. ఆరు రాత్రులు చల్లగా గడిచాయి. ఏమవుతుందో తెలియదు. కోడి కోసం ఏడ్చినవాడిని గుడ్ల కోసం ఏడవకుండా ఉంటానా? కానీ మగవాణ్ణి కనుక గోనెసంచి కప్పుకున్నాను.

తిప్పే విషయంలో మాత్రం నేను నిర్దోషిని. నిన్న రాత్రి సాక్షిగా శివన్నను పిలిచి, వాడి ముందు ఇంటూలు పైకి పెట్టాను. పొద్దున వాణ్ణే తీసుకుని వెళ్లాను. ఎనిమిది సున్నలు. శివన్న దండం పెట్టి, పెట్టె చుట్టూ విభూతి వేసి వెళ్లాడు.

ఇంకా రెండు రహస్యాలు నీకు రాయలేదు, పిచ్చివాడనుకుంటావని. ఆ వలయం ఉన్న గుడ్డు ఉంది చూడు, అది నేను వెలుగు పెట్టేముందే పెట్టెలో లేదు. తలుపుకు ఎడమపక్క మూలన, పొట్లాలు కట్టే కాగితం మడిచి దాని మీద పెట్టి ఉంది. దొర్లిందేమో అనుకుని తెచ్చి చూస్తే వలయం! రెండు, రోజూ పొద్దున పెట్టె చుట్టూ మామిడి గడ్డి మెత్తగా కూరి ఉంటుంది. లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది, కరెంటు లేకపోయినా.

ఎలుకలు గూడు కడుతున్నాయని నా నిర్ణయం. ఎలుకలమందు పెట్టబోతున్నాను. నీ అనుమతి కోసం ఆగాను.

నిజాయితీపరుడు (సాక్షి సంతకం: శివన్న, సైకిల్ షాపు),
వాసు.


రాజంపేట,
15-5-2003.

వాసూ,

ఎలుకలమందు పెట్టకు. నీ కాళ్లకు దండం.

గుడ్డు దొరికితే తినకుండా తిప్పి పెట్టే ఎలుక, చెడిపోయిందాన్ని వెలుగు లేకుండానే కనిపెట్టి కాగితం మీద పక్కన పెట్టే ఎలుక, కరెంటు పోయినప్పుడు గడ్డి కప్పే ఎలుక. అట్లాంటిదొకటి ఉంటే దాని మీద నేను పరిశోధన రాసి పేరు తెచ్చుకునేదాన్ని. కానీ ఆ ఎలుకను నేను పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. కుళ్లబోయే మామిడికాయను రాశిలో నుంచి తీసి, పొట్లం కాగితం మీద, తలుపుకు ఎడమపక్కన పెట్టే అలవాటు ఈ భూమ్మీద ఒక్కరికే ఉంది. ఆ ఎలుకకు మీసాలుంటాయి. ఈ మధ్య స్నానాలు ఎక్కువ చేస్తోంది.

జన్మలో ఒక్కసారి పొద్దున ఆరు గంటలకు లేచి గోడౌన్లో దాక్కుని చూడు.

పంతొమ్మిదో తేదీ నుంచి తిప్పడం ఆపేయాలి, పిల్ల తల పెట్టుకునే చోటు చూసుకుంటుంది. ఎలుకకు కూడా చెప్పు.

అత్త.


బనగానపల్లె,
17-5-2003, శనివారం.

అత్తా,

నీ ముందు సాష్టాంగపడి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

ఈరోజు పొద్దున అయిదున్నరకు లేచాను. నన్ను చూసి అమ్మ ఎవరో చనిపోయారనుకుంది. గంపల వెనక గోనెసంచి కప్పుకుని కూర్చున్నాను. ఆరింటికి కరెంటు పోయింది. తలుపు తెరుచుకుంది. నాయన. చొక్కా లేదు, తువ్వాలు నడుముకు చుట్టాడు. ముందు మామిడికాయల మీద చెయ్యి పెట్టి గడ్డి వేడి చూశాడు. తర్వాత పెట్టె దగ్గరికి వచ్చి, రెండు చేతులకూ పొట్లం కాగితాలు చుట్టుకుని, ఒక్కో గుడ్డూ తీసి చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, తిప్పి పెట్టాడు. మామిడికాయను చూసినట్లే, అంతే శ్రద్ధగా. చెంపకు తగిలింది కనుక తలస్నానం! అమ్మ బిందెల రహస్యం ఇదీ.

ఎనిమిదోది పెట్టి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"బయటికి రా. ఆ సంచి ఊపిరి పీలుస్తాండాది."

వచ్చాను.

"నీకు ఎప్పుడు తెలిసింది నాయనా?"

"నా గోడౌన్లో నేను పెట్టని దీపం వెలుగుతాంటే నాకు తెలీదా? మొదుటి దినమే తెలిసె."

"మరి నన్ను తిట్టలేదే? గుడ్లు కదా ఇవి..."

"ఆ మాటనొద్దు."

"ఏమనాలి?"

"సరుకు" అన్నాడు. "ఈ గోడౌన్లో మాగేసిన సరుకు కుళ్లిందని ఇంతవరకూ ఎవురూ అనలా. నీ వల్ల అనిపించుకోవాల్నా? ఒక దినం ఏమో చల్లగా తగిలె. చూస్తే దేవుని గూట్లో బల్బు ఈడుండాది. ఏమి చదివినావురా నువ్వు? అందుకే గడ్డి కూరినా. ఆ మూలది చెంపకు పెడితే చల్లగుండె, మిగతావి వెచ్చగుండె. తీసి పక్కన పెట్టినా."

"బసమ్మకు చెప్దామా?"

"ఏమని చెప్తావు? ఆయమ్మకు కావాల్సింది మాటలు కాదు, పిల్లలు." తర్వాత తువ్వాలు సర్దుకుంటూ, "ఇదంతా నీకు నేర్పిస్తాండేది ఎవురు? ఆ తిప్పేది, గుర్తులు పెట్టేది?" అని అడిగాడు.

చెప్పేశాను. కోపం వస్తుందనుకున్నాను. మామిడి రాశి వైపు తిరిగి, ఒక కాయను తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. "చిన్నప్పుడూ అంతే, దీపం పెట్టి చీమల పుట్టలు చూస్తాండె" అన్నాడు.

వెలుగు పెట్టి చూశాం, ఇద్దరం ఒకే సంచి కింద. పదహారో రోజు గుడ్డు చూసినట్లు రాస్తున్నాను, నిజం: దాదాపు అంతా నలుపు. పైన చంద్రవంక లాగా గాలి గది. ఆ నలుపు అంచు అప్పుడప్పుడూ ఉలిక్కిపడుతుంది. నిద్రలో కాలు విదిలించినట్లు. నాయన కూడా చూశాడు. చూసి "సరుకు బాగుండాది" అన్నాడు.

కింద ఆయనే రాస్తానని కలం లాక్కున్నాడు.

వాసు.

చి॥ అనసూయకు, అన్న వీరభద్రయ్య వ్రాయునది. సరుకు వచ్చే గురువారానికి సిద్ధమని వీడు అంటున్నాడు. చివరి మూడు దినములు గడ్డి ఉంచవలెనా, తీయవలెనా? నీకు తెలిసి ఉంటుంది. జవాబు అంగడికే వ్రాయవచ్చును.


(కార్డు)
రాజంపేట, 19-5-2003.

అన్నకు నమస్కారం. గడ్డి పక్కల ఉంచు, పైన తీయి, గాలి ఆడాలి. పెట్టెలో తడిగుడ్డ వేయించు, పొర ఎండితే పిల్ల చీల్చలేదు. పెంకు పగిలినా మీరెవరూ సాయం చేయొద్దు, వాసుకు మరీ చెప్పు. నేను బుధవారం పొద్దున బయలుదేరి కడప మీదుగా వస్తాను. నా చెంబు నేను తెచ్చుకుంటాను.
- అనసూయ.


బనగానపల్లె,
24-5-2003, శనివారం.

అత్తా,

ఈ ఉత్తరాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

నువ్వు బుధవారం సాయంత్రం వచ్చావు. గురువారం పగలంతా ఆ పెట్టె ముందు పీట వేసుకుని కూర్చున్నావు. ఇరవై ఒకటో రోజు. నాయన గంటకొకసారి అంగడి వదిలేసి వచ్చి, "ఏమన్నా అయ్యెనా?" అని అడిగిపోయాడు. ఏమీ కాలేదు. శుక్రవారం తెల్లవారి పేపర్లు దిద్దే డ్యూటీకి నువ్వు తిరుపతి బస్సు ఎక్కక తప్పలేదు. "చల్లబడినాయి కదా, ఆలస్యమవుతాయి, లేకపోతే లేదు" అని నువ్వు చెప్పి కిటికీ పక్కన కూర్చున్నావు.

శుక్రవారం పదకొండున్నరకు మొదటి పెంకు పగిలింది.

అప్పటికి నీ బస్సు కడప దాటి ఉంటుంది. ఒక రోజు ఆలస్యం అత్తా. ఆ జీరో బల్బు ఆరు రాత్రులు. నువ్వు నాలుగో రోజు దగ్గర ఆగిపోయిన దాన్ని ఇరవై ఒకటో రోజు దాకా లాక్కొచ్చి, చివరి మెట్టు మీద నేనే తప్పించాను. నన్ను తిట్టేవాళ్ల జాబితాలో నీ పేరు మొదట రాసుకో.

కనీసం చూసినట్లు రాస్తాను. పది లెక్కపెట్టకుండా చదువు.

ముందు చప్పుడు. పెంకు లోపల నుంచి సన్నగా, గోటితో పళ్లెం మీద తట్టినట్లు. తర్వాత ఒక నక్షత్రం లాంటి పగులు. ఆ పగులులో ముక్కు కొన, దాని మీద ఉప్పుగల్లంత తెల్లటి పన్ను. తట్టి, ఆగి, పడుకుంటుంది. అరగంట. మళ్లీ తడుతుంది. అలా పెంకు చుట్టూ మూతలాగా కోసుకుంటూ వచ్చింది. సాయం చేయొద్దన్నావు కదా, నా చేతులను నాయన పట్టుకున్నాడు. ఒట్టి చేతులతో, కాగితం లేకుండా. రెండింటికి మూత లేచింది. తడిసిన చింతపండు ముద్ద లాంటిది బయటపడి, నన్ను చూసి, నచ్చక కళ్లు మూసుకుంది. సాయంత్రానికి ఆరి పువ్వులాగా అయింది. మెడ మీద నల్లబొట్లు, వాళ్ల అమ్మలాగే.

ఈరోజు పొద్దుటికి ఆరు. రెండు గుడ్లు పగలలేదు. వాటిని నాయన తలుపుకు ఎడమపక్కన పెట్టి, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

బసమ్మను పిలిచాం. వచ్చి పెట్టెలోకి చూసింది. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని మెడ మీది బొట్లు వేలితో లెక్కపెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తిట్టు మాత్రం రాలేదు. నేను ఆశ వదులుకుని పక్కకు జరిగాను. అప్పుడు ఆమె చూపు నా వెనక్కి పోయింది.

"తలుపేయప్పా చిన్నశెట్టీ!" అని అరిచింది చూడు, అంగట్లో త్రాసు ఊగింది. "ఒకసారి చేసింది చాలదా? కుక్కలు యాడికీ పోలా, ఈన్నే ఉండాయి! బి.కాం. చదివినోనికి గడియ పెట్టేది కూడా నేనే నేర్పించాల్నా? కోడయినా నయ్యం, నీకన్నా!"

పరుగెత్తి తలుపు వేశాను. రెండు గడియలూ పెట్టాను. ఇంత సుఖంగా నేను ఎప్పుడూ ఏ తలుపూ వేయలేదు.

నాయన ఇవన్నీ చూసి తలస్నానానికి పోతుంటే అమ్మ, "ఇంక ఎందుకండీ, ఇన్నాళ్లూ తెలిసీ తెలియనట్లు ఉన్నాను కానీ, ఈ రోజు నీళ్లు లేవు" అంది. కాళ్లు మాత్రం కడుక్కుని అన్నం తిన్నాడు.

ఒక సంగతి. నువ్వు నీ చెంబు ఇక్కడే వదిలిపోయావు. బుధవారం నువ్వు దాన్ని సంచిలోంచి తీయకముందే నాయన మన చెంబుతో నీళ్లు తెచ్చి నీ చేతికి ఇచ్చాడు కదా, అందుకే మర్చిపోయి ఉంటావు. పంపించమంటావా అని అడిగితే, "ఉండనీ, మళ్లీ వస్తాది" అన్నాడు.

ఆరుగురి తల్లి,
వాసు.


రాజంపేట,
21-7-2003, సోమవారం.

చిరంజీవి వాసుకు,

ఇదిగో, ఆశీస్సులు మొదట్లోనే.

నీ మే నెల ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదని అలిగి ఉంటావు. ఏం రాయాలో తోచలేదు. చింతపండు ముద్ద లాంటిది అన్నావు. ఇరవై ఏళ్ల నా చదువులో ఏ పుస్తకమూ ఆ మాట రాయలేదు. ఆ ఉత్తరం నా రికార్డు పుస్తకంలో పెట్టుకున్నాను.

కాలేజీ తెరిచారు. పోయిన బుధవారం ప్రాక్టికల్స్ కోసం డజను గుడ్లు వచ్చాయి. ఎప్పటిలాగే ఇంక్యుబేటర్లో పెట్టాం. ఎప్పటిలాగే పగలగొట్టాం, పిల్లలకు గుండె చూపించాను. పదకొండు గుడ్లు అయ్యాయి. పన్నెండోదాన్ని చేతిలోకి తీసుకుని, చేతులు కడుక్కున్నానా అని ఆలోచించాను. కడుక్కునే ఉన్నాను. మరి ఎందుకు ఆగానో తెలియదు. జేబురుమాలుతో పట్టుకుని చెంపకు ఆనించాను. వెచ్చగా ఉంది. పెన్సిల్ తీసి ఒకవైపు ఇంటూ, ఒకవైపు సున్న పెట్టి, మళ్లీ లోపల పెట్టేశాను. రిజిస్టర్లో పదకొండే రాశాను. నిన్న ఆదివారం రికార్డులు దిద్దాలని చెప్పి వెళ్లి తిప్పి వచ్చాను.

ఈరోజు అయిదో రోజు. నాకు తెలిసింది నిన్నటితో అయిపోయింది. ఇక్కడి నుంచి ఈ వంశంలో చదువుకున్నవాడివి నువ్వే. ఎప్పుడు ఏం చేయాలో, వెలుగు పెడితే ఏం కనిపిస్తుందో, ఏది చూసి భయపడకూడదో, అన్నీ వివరంగా రాయి. పోస్టుకు రానూపోనూ రెండు రోజులు పడుతుంది, ఏడో రోజుకల్లా నాకు అందాలి. చెంప సంగతి అన్నను అడిగి రాయి.

ఒక సందేహం. నిన్న సాయంత్రం ఇంటూ పైకి పెట్టి, తాళం వేసి వచ్చాను. ఈరోజు పొద్దున తీసి చూస్తే సున్న ఉంది. రెండో తాళంచెవి మా ల్యాబు అటెండరు జ్ఞానరాజు దగ్గర ఉంటుంది. ఇరవై ఏళ్లుగా పగిలిన పెంకులు ఎత్తి పారేసే పని ఆయనదే. ఈరోజు నాకన్నా గంట ముందే వచ్చి, చేతులు తడిగా, ఏమీ తెలియనట్లు బెంచీలు తుడుస్తున్నాడు.

నేనూ ఏమీ అడగలేదు.

అనసూయ అత్త.